ఓడిన చేపకు దారేది?

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు నీళ్ల బెడద, ఫిల్టర్ బెడద తీరాక ఎదురయ్యే మూడో బెడద చేపల కొట్లాట. నిన్నటిదాకా కలిసి తిరిగినవాటిలో ఒకటి మరోదాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు తరుముతుంది. దెబ్బతిన్నదానికి తోక చిరుగుతుంది, ఒంటి రంగు పాలిపోతుంది. హీటర్ వెనక నక్కి మేత కూడా ముట్టదు. దుకాణంలో అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: అది ఆ జాతి గుణం, దాన్ని తీసేసి సాధు చేపను పెట్టుకోండి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ మనుషులు చేపలను పాత్రల్లో పెట్టి వాటి పోరును చూడటం, రెచ్చగొట్టడం, ఆపడం మొదలుపెట్టి శతాబ్దాలైంది. ఆ చరిత్రను వరసగా పేర్చి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. దూకుడు చేప పుట్టుకలోనే ఉన్నా, అది హింసగా మారేది ఓడినదానికి పారిపోయే దారి లేనప్పుడే. పోరును పెంచినవాళ్లు ఆ దారిని మూశారు, తగ్గించినవాళ్లు ఏదో ఒక రూపంలో తిరిగి తెరిచారు.

ఈ కథను సయాం నుంచి, అంటే నేటి థాయ్‌లాండ్ నుంచి మొదలుపెట్టాలి. అక్కడి వరిమళ్లలో, కాలువల పక్కన గడ్డి మొలిచిన లోతు లేని నీళ్లలో బెట్టా జాతి చేప ఉంటుంది. థాయ్ ప్రజలు దాన్ని ప్లా కాట్ అంటారు, మన దుకాణాల్లో ఫైటర్ అంటారు. కొర్రమీను లాగే ఇది కూడా పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ప్రాణవాయువు తక్కువున్న నీళ్లలోనూ బతికేస్తుంది. మగచేప నోటితో బుడగలు వదిలి నీటి మీద గూడు కడుతుంది. ఆడచేప వదిలిన గుడ్లను నోటితో ఏరి ఆ బుడగల్లో చేర్చి, పిల్లలు సొంతంగా ఈదేదాకా కాపలా కాస్తుంది. దాని దూకుడుకు ఈ కాపలాతో విడదీయలేని సంబంధం ఉంది. మరో మగచేప గూటి దగ్గరకు వస్తే రెక్కలన్నీ విప్పుతుంది, మొప్పల మూతలు లేపి తల పెద్దదిగా కనిపించేలా చేస్తుంది, ఒంటి రంగు ముదురుతుంది. ఆ బెదిరింపుతోనే వచ్చినది వెనక్కి మళ్లవచ్చు. మళ్లకపోతే నాలుగు కాట్లు తిని అప్పుడు మళ్లుతుంది. అది గడ్డి దుబ్బు దాటి కనుమరుగైతే గెలిచినదానికి ఇంకా వెంటపడాల్సిన పని లేదు. గూడు వదిలి దూరం పోతే నష్టం దానికే.

పందెంరాయుళ్లు ఈ ఏర్పాటులోంచి ఒక్క ముక్క తీసేశారు: గడ్డి దుబ్బు. సయాం రాజు మూడవ రాముడి చేపలు కొన్ని 1840లో ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా ఉన్న డెన్మార్క్ దేశస్థుడు థియోడర్ కాంటర్ చేతికి వచ్చాయి. 1849లో ఆయన రాసినదాన్నిబట్టి, చేపల పందేలు ఆడించే హక్కును గుత్తకిచ్చేవారు, దానివల్ల రాజు ఖజానాకు ఏటా చెప్పుకోదగ్గ రాబడి వచ్చేది. పందెం పిచ్చి పట్టినవాళ్లు ఆస్తులే కాదు, ఒక్కోసారి తమనూ తమ కుటుంబాలనూ కూడా ఒడ్డేవారట. పందెపు చేపలను విడివిడిగా సీసాల్లో ఉంచి సీసాకూ సీసాకూ మధ్య అట్ట ముక్క పెట్టడం అక్కడి పద్ధతి. అట్ట తీయగానే రెండు చేపలూ గాజు అవతలి ప్రత్యర్థిని చూసి రేగుతాయి. పోరుకు వాటిని ఒకే ఇరుకు పాత్రలో వదులుతారు. కాసేపు పక్కపక్కనే నిలిచి రెక్కలు విప్పుకుంటాయి, తోకలతో నీళ్లు కొట్టుకుంటాయి, ఆ తర్వాత రెక్కల మీదా మొప్పల మీదా కాట్లు మొదలవుతాయి. ఒక్కోసారి నోటితో నోరు కరుచుకుని, మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి. ఊపిరి అందక విడివడి, పైకి వచ్చి గాలి మింగి, మళ్లీ తలపడతాయి. ఇంత జరిగినా పోరు చావుతో ముగియాలని లేదు. సంక్రాంతి బరిలో వెనుదిరిగిన కోడి ఓడినట్టే, ఎదురు నిలవక తిరిగిపోయిన చేప ఓడినట్టే. అంటే మనుషులు పెట్టిన పందెంలో కూడా తీర్పు చెప్పేది చేప పారిపోవాలనుకోవడమే. ఆ కోరిక తీరే చోటు లేకుండా చేయడమే పాత్ర పని.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పందెపు చేప మామూలు చేప కాదు, దూకుడు కోసమే తరతరాలుగా ఎంచి పెంచినది. దాని పోట్లాట రక్తంలో ఉన్నప్పుడు చోటు గురించి మాట్లాడి లాభమేమిటి అని. అభ్యంతరంలోని వాస్తవాన్ని కాదనలేం. అమెరికా నుంచి సయాంకు మత్స్యశాఖ సలహాదారుగా 1923లో వచ్చి 1935 దాకా పనిచేసిన హ్యూ స్మిత్ ఈ పందేలను దగ్గరగా చూసి రాశారు. మడుల్లో పట్టిన చేపల పోరు నిమిషాల్లో తేలిపోతే, పందేల కోసం పెంచిన చేపలది గంటల తరబడి సాగేదని ఆయన రాతల వల్ల తెలుస్తుంది. బెట్టా జన్యువులను చదివి 2022లో ప్రచురించిన పరిశోధన, మనుషులు ఈ చేపను మచ్చిక చేయడం కనీసం 400 ఏళ్ల నాటి పని అని లెక్క కట్టింది. కాబట్టి వారసత్వం ఉంది. అయితే ఆ ఎంపికలో దేన్ని ఎంచారో చూడాలి. మొదటి కాటు వేయడం మడిలోని చేపకూ తెలుసు. పెంపకందారులు ఏరుకున్నది వెనుదిరగని చేపను. తిరిగిపోయినదాన్ని పక్కన పెట్టి, నిలబడినదాని సంతానాన్ని ఉంచుకుంటూ పోతే, కొన్ని తరాలకు పారిపోయే అలవాటు పలచబడుతుంది. పాత్ర బయటి నుంచి మూసిన దారిని ఎంపిక లోపలి నుంచి మూసింది. పైగా ఆ వారసత్వం కూడా ఎక్కడపడితే అక్కడ ఒకేలా బయటపడదు. అడవి బెట్టాకూ పెంపుడు బెట్టాకూ దూకుడులో తేడా సందర్భాన్ని బట్టి మారుతుందని 2007లో ప్రచురితమైన మరో అధ్యయనం చూపించింది.

పందేలతో ఏ సంబంధమూ లేని యూరప్‌లోనూ ఇదే జరిగింది. 1830లో లండన్‌లోని ఒక ప్రకృతి శాస్త్ర పత్రికలో స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపలను తొట్టిలో పెట్టి చూసిన ఒకాయన ఒక వ్యాసం రాశాడు. ఆ కథనాన్ని డార్విన్ 1871లో తన మానవ పరిణామ గ్రంథంలో వాడుకున్నాడు. దాని ప్రకారం మగచేపలు తొట్టిలో చెరో చోటు ఆక్రమించి తలపడతాయి. ఓడినదాని మెరిసే రంగులు వెలిసిపోతాయి, అది మిగతా చేపల్లో కలిసి దాక్కుంటుంది. అయినా గెలిచినది కొంతకాలం దాన్ని వదలకుండా వేధిస్తూనే ఉంటుంది. ఈ చివరి సంగతి దగ్గర ఆగాలి. ఓటమి ఒప్పుకున్నాక కూడా వేధింపు ఎందుకు సాగింది? ఓడినది కళ్లముందు నుంచి పోలేదు కనుక. తొట్టి గోడ ఆ చేపను విజేత పొలిమేరలోనే ఉంచేసింది. ఇది గమనించడానికి సయాం పందెం చేప అక్కర్లేకపోయింది. ఊరి చెరువు చేప, ఒక తొట్టి సరిపోయాయి.

ఇంటి అక్వేరియం పుట్టిన తీరులోనే ఈ లోపం దాగి ఉంది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, నీటి మొక్కలు, నత్తలు కలిపి పెట్టి, నీళ్లు తరచు మార్చకుండానే అవి బతకగలవని చూపించాడు. మొక్క చేపకు ప్రాణవాయువు ఇస్తుంది, చేప మొక్కకు ఎరువునిస్తుంది, కుళ్లినదాన్ని నత్త తింటుంది. ఈ సమతుల్యమనే ఊహ ఇంగ్లండును ఊపేసింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచారు, మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకం ‘ది అక్వేరియం’ వెలువడి ఆ మోజును మరింత పెంచింది. అయితే వారింగ్టన్ లెక్క ఊపిరికి సంబంధించినది. చేపల మధ్య ఎడం ఎంతుండాలో ఆ లెక్కలో లేదు. తొట్టి ఎంత పెద్దదో తేల్చడానికి ప్రాణవాయువే కొలమానమైంది. 1869లో పారిస్‌లో పియెర్ కార్బొనియె చైనా నుంచి వచ్చిన ప్యారడైజ్ చేపలకు పిల్లలు చేయించాక ఉష్ణదేశాల చేపలు ఇళ్లలోకి రావడం మొదలైంది. అందంలో పేరుకు తగ్గ ఆ చేప బెట్టాకు చుట్టం, బుడగల గూడు కట్టేదే, తోటి మగచేపను సహించనిదే. 20వ శతాబ్దంలో కరెంటు హీటర్లు వచ్చాక వేర్వేరు దేశాల చేపలను ఒకే తొట్టిలో కలిపి పెంచే పద్ధతి స్థిరపడింది. ఫిలడెల్ఫియాకు చెందిన విలియం ఇన్నెస్ 1935లో తెచ్చిన ‘ఎగ్జాటిక్ అక్వేరియం ఫిషెస్’ లాంటి పుస్తకాలు ఇంటింటి మార్గదర్శకాలయ్యాయి. ఏ చేప ఎవరితో సర్దుకుపోతుంది అనే ప్రశ్న వ్యాపారానికి కేంద్రమైంది. సాధు చేప, రౌడీ చేప అనే విభజన అలా పాతుకుపోయింది.

ఆ విభజన ఎంత పలచనిదో అదే కాలంలో శాస్త్రవేత్తలు చూపించారు. 1932లో హాన్స్ లిస్మాన్ బెట్టాలకు బొమ్మలు చూపి, అవి దేనికి రేగుతాయో పరీక్షించాడు. బెట్టా అద్దంలో తన నీడను చూసినా మొప్పలు లేపుతుంది. ఎదుటి చేప ఉద్దేశం ఏమిటన్నది దానికి అనవసరం, కనిపించడమే చాలు. సీసాల మధ్య అట్ట ముక్క పెట్టిన సయాం పెంపకందారులకు ఈ సంగతి ముందే తెలుసు. హాలండ్‌లోని లైడెన్‌లో నికో టిన్‌బర్గెన్ స్టికిల్‌బ్యాక్ మగచేపల ఎర్ర పొట్టే దాడికి సంకేతమని తేల్చాడు. కిటికీ బయట ఎర్ర తపాలా వ్యాను పోతుంటే తొట్టిలోని చేపలు అటు తిరిగి రెచ్చిపోయేవని రాశాడు. ఆయన చేసిన మరో ప్రయోగం ఇంకా ముఖ్యం. ఒకే తొట్టిలో చెరోవైపు గూడు కట్టుకున్న రెండు మగచేపలను చెరో గాజు గొట్టంలో పెట్టాడు. రెండు గొట్టాలనూ మొదటిదాని గూటివైపు జరిపితే అది దాడికి దూకుతుంది, రెండోది పారిపోవాలని చూస్తుంది. గొట్టాలను రెండోదాని గూటివైపు జరిపితే పాత్రలు తారుమారవుతాయి. అవే చేపలు, అదే పూట. ఇక్కడ రౌడీ అయినది అక్కడ పిరికిది. దూకుడు చేప గుణమే అయితే గొట్టం జరిపినంత మాత్రాన అది చేతులు మారకూడదు. తన చోటు నుంచి ఎంత దూరంలో ఉంది, వెనక్కి పోవడానికి ఎక్కడ వీలుంది అన్నదాన్ని బట్టే చేప ప్రవర్తన మారుతోంది.

టిన్‌బర్గెన్‌తో కలిసి 1973లో నోబెల్ అందుకున్న కోన్రాడ్ లోరెంజ్ మాత్రం దీనికి ఎదురు వాదన వినిపించాడు. దూకుడు లోపల ఊరుతూ ఉండే శక్తి అని, బయటికి పోయే సందు దొరక్కపోతే ఎవరో ఒకరి మీద విరుచుకుపడుతుందని 1963లో వెలువడిన తన పుస్తకంలో అన్నాడు. సిక్లిడ్ జాతి చేపల జంటను ఒంటరిగా ఉంచితే మగచేప తన జోడీనే కొట్టి చంపగలదని, గాజు పలక అవతల మరో చేపను చూపిస్తే జంట నిలబడుతుందని అందుకు సాక్ష్యంగా చెప్పాడు. ఆన్ రాసా 1969లో ప్రచురించిన పరిశోధన కూడా ఒంటరి జంటల కాపురం నిలకడగా సాగదని చూపించింది. ఆమె ఎంచుకున్న చేప దక్షిణ భారతం, శ్రీలంకల నీళ్లలో పుట్టిన ఆరెంజ్ క్రోమైడ్, మలయాళీలు మక్కువగా తినే కరిమీనుకు దగ్గరి బంధువు. ఊరే శక్తి నిజమైతే తొట్టిని ఎలా సర్దినా ప్రయోజనం ఉండదు కదా అనిపిస్తుంది. కానీ లోరెంజ్ చూపిన సాక్ష్యమే వేరే మాట చెబుతోంది. మధ్యలో గాజు పలక, అవతల పొరుగు చేప అనేవి తొట్టి ఏర్పాటులోని మార్పులే. చేపలో ఏ మార్పూ రాకుండానే కాపురం చక్కబడింది. పొలిమేరలో శత్రువు కనిపిస్తే మగచేప చూపు అటు తిరుగుతుంది, ఆడచేపకు తెరిపి దొరుకుతుంది. పారే నీళ్లలో అయితే ఆడచేప కాసేపు పక్కకు తప్పుకుని ఆ తెరిపి తనే సంపాదించుకుంటుంది. ప్రవృత్తి అంతా పుట్టుకలోనే స్థిరమై ఉంటుందన్న లోరెంజ్ పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త డేనియల్ లెర్మన్ 1953లోనే తూర్పారబట్టాడు. ఆ వివాదంలో ఎవరి పక్షం వహించినా, పోరు ఫలితాన్ని తేల్చేది పరిసరమేనన్న మాట నిలుస్తుంది.

అన్నిటికన్నా పదునైన అభ్యంతరం ఆఫ్రికా నుంచి వస్తుంది. మలావీ సరస్సు రాతి ఒడ్డున బతికే రంగురంగుల సిక్లిడ్‌లను అక్కడివాళ్లు ఎంబూనా అంటారు. జెఫ్రీ ఫ్రయర్ 1959లో వాటి జీవితాన్ని వివరంగా రాశాడు. రాళ్లమీది పాచి గీరుకు తింటూ, రాతి సందుల దగ్గర చోటు పట్టి కాపాడుకునే చేపలవి. 1960ల నుంచి ఇవి విదేశాల ఇళ్లకు చేరాయి. నాలుగైదింటిని విశాలంగా పెడితే ఒకటి యజమాని అయి మిగతావాటిని వరసగా చంపేది. పెంపకందారులు చివరికి కనిపెట్టిన ఉపాయం వినడానికి విడ్డూరం: తొట్టిని చేపలతో కిక్కిరిసేలా నింపడం. ఒత్తిడి పెరిగితే పోరు తగ్గింది. మరి చోటు లేకపోవడమే పోరుకు మూలమన్న వాదన ఏమైనట్టు? గజాల లెక్కన చూస్తే వీగిపోయినట్టే. దారి లెక్కన చూస్తే మరింత బలపడినట్టు. నాలుగు చేపలున్నప్పుడు ఓడినదాన్ని గుర్తుపట్టి వెంటాడటం తేలిక. ముప్పై ఉన్నప్పుడు ఒకదాన్ని తరుముతుంటే మధ్యలో మరో ఐదు అడ్డొస్తాయి, వెనక మరోటి చోటు ఆక్రమిస్తుంది. గుంపులో కలిసిపోవడమే అక్కడ పారిపోవడం. కాపాడుకోవడానికయ్యే ఖర్చు దక్కేదానికన్నా పెరిగితే జీవి చోటు మీద పట్టు వదులుతుందని జెరమ్ బ్రౌన్ 1964లో పక్షుల విషయంలో చెప్పిన సూత్రం ఇక్కడా పనిచేస్తోంది. కొత్త చేపను వదిలేటప్పుడు రాళ్లన్నీ కదిపి వేరేగా పేర్చడం అదే పెంపకందారుల రెండో ఉపాయం. పాత హద్దులు చెరిగిపోతే అందరూ కొత్తవాళ్లే. ఈ కిక్కిరిసిన తొట్టికి మూల్యం కూడా ఉంది. వ్యర్థం పెరుగుతుంది, బలమైన ఫిల్టర్ కావాలి, తరచూ నీళ్లు మార్చాలి. కరెంటు పోతే అంత గుంపుకు ఊపిరి చాలదు. గుంపుతో పోరు తగ్గించినవాళ్లు దాన్ని నీళ్ల ఖర్చులోకి బదలాయించారు.

అయితే పెద్ద తొట్టి కొంటే సరిపోతుందా అంటే దానికీ జాగ్రత్తగానే జవాబు చెప్పాలి. అమెరికా పరిశోధకుడు రొనాల్డ్ ఓల్డ్‌ఫీల్డ్ 2011లో మైడాస్ సిక్లిడ్ పిల్లల మీద చేసిన పనిని ప్రచురించాడు. ఇళ్లలో మామూలుగా వాడే చిన్న సైజుల మధ్య కాస్త పెద్దదానికి మారినా, చేపల సంఖ్యను కాస్త మార్చినా దూకుడులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తొట్టి చాలా పెద్దదై, దాక్కునే చోట్లతో సంక్లిష్టంగా ఉన్నప్పుడే తగ్గింది. అడుగున్నర తొట్టి తీసేసి రెండడుగులది తెచ్చినవాళ్ల నిరాశకు కారణం ఇదే. అర అడుగు పెరిగినా విజేత కంట పడని మూల ఒక్కటీ కొత్తగా పుట్టదు. లీటర్లు పెంచడం కన్నా చూపుకు అడ్డం పెంచడం ముఖ్యం. నిలువుగా లేపిన రాళ్లు, రెండువైపులా తెరిచి ఉన్న కుండ పెంకు, పైదాకా పెరిగిన మొక్కల గుబురు చేసేది వరిమడి గడ్డి దుబ్బు చేసిన పనే.

మనుషులు పోరును కోరి కొనుక్కున్న చోట మాత్రం ఈ మందు సగమే పనిచేస్తుందని ఒప్పుకోవాలి. 1990లలో మలేసియాలో సిక్లిడ్‌లను సంకరం చేసి తీసిన ఫ్లవర్‌హార్న్ అందుకు తాజా ఉదాహరణ. నుదుటి మీది బుడిపెకు, గాజు మీదికి దూకే తెగువకు ధర కట్టి అమ్ముతారు. అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో మన ఊళ్లలోనూ కొంటారు. బెట్టాను కూడా ఇప్పుడు పొడవాటి రెక్కల కోసం పెంచుతున్నారు. ఆ బరువైన రెక్కలతో అది వేగంగా తప్పించుకోలేదు, ప్రత్యర్థి కాట్లకు అవే మొదట దొరుకుతాయి. పోరాడే బుద్ధిని ఉంచి తప్పించుకునే శక్తిని తగ్గించిన పెంపకం ఇది. 2019లో థాయ్‌లాండ్ ఈ చేపను జాతీయ జలచరంగా ప్రకటించి గౌరవించింది. ఆ చరిత్రలో గౌరవంతోపాటు చేపను ఇలా మార్చిన బాధ్యత కూడా ఉంది. ఇలాంటి చేపలకు సయాంవాళ్ల అట్ట ముక్కే ఇప్పటికీ సరైన వైద్యం: మగ బెట్టాను విడిగా ఉంచడం, పక్క తొట్టి కనిపించకుండా చేయడం. గాలి పీల్చి బతకగలదు కదా అని చిన్న కప్పులో పెట్టడం ఆ వైద్యంలో భాగం కాదు, అది అమ్మకందారుడి సౌకర్యం.

మిగతా తొట్లకు ఈ చరిత్ర నుంచి తీసుకోవాల్సిన నిర్ణయం స్పష్టంగానే ఉంది. సాధు చేప, రౌడీ చేప అనే పట్టిక మొదటి వడపోతకు పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్మకూడదు. ఆ పట్టికలో చాలాచోట్ల సాధువుగా నమోదైన ఏంజెల్ చేపల జంట గుడ్లు పెట్టిన మర్నాడు తొట్టిలో సగం తమదేనంటుంది. కొట్టే చేపను మార్చేస్తే దాని స్థానంలోకి రెండోది వస్తుంది, మూసిన దారి మూసినట్టే ఉంటుంది. కొనబోయే ముందు అడగాల్సిన ప్రశ్న ఏ చేప మంచిదని కాదు. ఈ తొట్టిలో ఈ రెండూ తలపడి ఒకటి ఓడితే అది ఎక్కడికి పోతుంది? రాయి వెనక్కా, మొక్కల్లోకా, గుంపులోకా, లేక మనం తీసి పెట్టే వేరే తొట్టిలోకా? నాలుగింటిలో ఒక్కటైనా సిద్ధంగా లేకపోతే రెండో చేపను కొనకపోవడం మేలు.